కత్తిరి ఎండల్లో ఫ్లానెల్ సెట్టు

మా అత్తగారింట్లో కాలాలు మూడు. ఆడి నెల తగ్గింపు కాలం, దీపావళి సరుకు కాలం, పొంగల్ పంచెల కాలం. ఎండ, వాన, చలి అనేవి కూడా తిరువళ్ళూరుకు వచ్చేవి కానీ, అవి జవుళి కొట్టు లేనివాళ్ళ కోసం. మా మామ ఆకాశం చూసి కాలం చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. కొట్టులో పై అరలు చూసి చెప్పేవారు. ఏ తాను అమ్ముడుపోకుండా మిగిలిపోయి ఉంటే, ఊరికి ఆ తానుకు తగిన కాలం రావలసిందే.

ఈ సంగతి తెలియకుండానే నేను ఆ ఇంటి కోడలినయ్యాను. తెలిసేసరికి కొడుకు పుట్టాడు.

కాన్పుకు తిరుత్తణిలో పుట్టింటికి వెళ్ళాను. కొండ మెట్లకు పోయే దారిలో మా నాన్నకు టెంకాయల కొట్టు ఉండేది. కావడి మోసుకుని ఎక్కేవాళ్ళు, గుండు గీయించుకుని దిగేవాళ్ళు, అందరూ మా అరుగు మీద ఒక్క నిమిషం కూర్చుని, పురిటి బిడ్డకు ఏం తొడగాలో మా అమ్మకు సలహా చెప్పి లేచేవాళ్ళు. అమ్మ అందరికీ తల ఊపేది. ఎవరి మాటా వినేది కాదు. పసిబిడ్డల బట్టల గురించి ఆమెకు తెలిసిందల్లా నాన్న పాత మల్లు పంచెలు. ఏళ్ళ తరబడి ఉతికి, చేతిలో పట్టుకుంటే ఉన్నట్టే తెలియని పంచెలు. వాటిని చదరాలుగా చించి, మెడకు గుండ్రంగా ఒక కోత కోసి, పక్కన ముడి వేయడానికి రెండు పీలికలు కుట్టేది. రాత్రి చొక్కా అదే, పగటి చొక్కా అదే. ఎండాకాలానికి ఒక వరస, వానలకు రెండు వరసలు. మార్గళి మంచు కురిసే రోజులకు ఆ రెండు వరసల మీద తన నూలు చీర ముక్క ఒకటి, చెవులు కప్పడానికి ఇంకొకటి.

"నెల ఏందని పంచాంగం జూడబాక. బిడ్డ మెడెనక ఏళ్ళు పెట్టి జూడు. చెమట ఉంటే ఒగటి తీసెయ్, సల్లగా ఉంటే ఒగటి ఎయ్" అంది నాతో. మొత్తం శాస్త్రం అంతే. చెప్పడానికి ఆమెకు పట్టిన సమయం, తమలపాకుకు సున్నం రాసేంత.

మూడో నెలలో అత్తగారింటికి బయలుదేరాను. ఆ ప్రాంతంలో కత్తిరి అని పిలిచే నడి వేసవి ఎండలు అప్పుడే మొదలయ్యాయి. అమ్మ ఒక గుడ్డ సంచి నిండా ఆ పాత పంచె చొక్కాలు పెట్టి ఇచ్చింది. ప్యాసింజర్ రైలులో అరక్కోణం దాటేవరకు వాడు ఆ ఒక్క వరస గుడ్డలో కిటికీ గాలికి కాళ్ళాడిస్తూ వచ్చాడు. గుమ్మంలో హారతి ఇచ్చారు. లోపలికి రాగానే మామ సంచి విప్పి చూశారు.

"ఏందమ్మా ఇది. కొట్లో అద్దాల బీరువాలు తుడిచేదానికి మీ అమ్మ పంపించిందా?"

"కాదు మామా, బిడ్డకి రాత్రిపూట తొడిగేదానికి."

ఆయన నవ్వారు. ఆయన కోపిష్టి కాదు, ఎవరినీ ఒక మాట అనేవారు కాదు. ఈ విషయం ముందే చెప్పి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఇకపై నేను చెప్పేది వింటే అలా అనిపించదు.

"జవుళి కొట్టోని మనవడు పాత పంచెలో పండుకోనుంటే, రేపు నా దగ్గర కొత్త పంచె ఎవురు కొంటారు చెప్పు" అన్నారు మెత్తగా. సంచి కొట్టులోకి వెళ్ళిపోయింది. మా నాన్న పంచెలతో అద్దాల బీరువాలు తళతళలాడాయి. నేను ఎవరూ చూడకుండా నాలుగింటిని మాత్రం వెనక్కి తెచ్చుకుని బియ్యం డబ్బా వెనక దాచాను.

ఇక బిడ్డ ఏం తొడుక్కోవాలనేది అంతకుముందు దీపావళికే నిర్ణయమైపోయిందట, అప్పటికి వాడు పుట్టనే లేదు. మామ మద్రాసుకు సరుకు కొనడానికి వెళ్ళినప్పుడు టోకు వర్తకుడు ఈ ఏడు చలి బలంగా ఉంటుందని చెప్పి, ఫ్లానెల్ తానులు అంటగట్టాడు. గులాబీ రంగు మీద నీలం బాతులు. చలికి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మార్గళి వచ్చింది, పోయింది, ఊరంతా తువ్వాలు చెవులకు చుట్టుకుని సరిపెట్టుకుంది. తానులు పై అరలో ఉండిపోయాయి.

అప్పుడు మామకు ఒక క్యాలెండరు దొరికింది. ఏదో పాలడబ్బాల వాళ్ళది. అందులో ఒక తెల్లబిడ్డ పాదాల వరకు మూసుకుపోయిన గులాబీ రంగు తొడుగులో, రెండు చెవులున్న టోపీతో నిద్రపోతోంది. ఆ బిడ్డ వెనక కిటికీ, కిటికీ బయట మంచు కురుస్తోంది. మా మామ కిటికీని పట్టించుకోలేదు. కొట్టు అరుగు మీద కూర్చునే దర్జీని పిలిచి, క్యాలెండరు చూపించి, ఇలాంటివి కుట్టమన్నారు. పొడుగు చేతులు, మూసిన పాదాలు, తల మీద టోపీ, టోపీకి చెవులు. వాటికి ఫారిన్ నైట్ సెట్టు అని పేరు పెట్టి, అరవంలో పెద్ద అక్షరాలతో ఒక అట్ట రాయించి వేలాడదీశారు. అమ్మడానికి ఒక్కటే తక్కువైంది. తొడుక్కుని చూపించే బిడ్డ.

నేను రైలు దిగే రోజుకు అదీ సిద్ధమైంది.

మా ఇల్లు కొట్టు వెనకే. మధ్యలో హాలు, హాలుకూ కొట్టుకూ ఒక వెడల్పాటి ద్వారం. నేను వచ్చిన సాయంత్రం బిడ్డకు దూలానికి చీర ఉయ్యాల కట్టాను. మామ చూసి తల అడ్డంగా ఊపారు. చీర ఉయ్యాలలో బిడ్డ బయటికి కనబడడు కదా. మర్నాడే కమ్మీలున్న చెక్క తొట్టెల వచ్చింది. దాన్ని సరిగ్గా ద్వారానికి ఎదురుగా, ఫ్యాను కింద పెట్టించారు. కొట్టులో జంపఖానా మీద కూర్చుని చీరలు చూసే ఆడవాళ్ళు తల తిప్పితే చాలు, గులాబీ రంగులో నీలం బాతులతో, టోపీ చెవులతో నా కొడుకు.

మొదటి మూడు రోజులు వాడు ఊరంతా వినబడేలా ఏడ్చాడు. దిష్టి అంది మా అత్త. ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటుకు అందరమూ దగ్గాం, వాడు మాత్రం ఏడుపు ఆపలేదు. పాలు వేడి చేశాయంది. నాకు చారు నీళ్ళు, మజ్జిగ తప్ప ఇంకేమీ పెట్టలేదు. నేను వాడి మెడ వెనక వేళ్ళు పెట్టి చూశాను. వేళ్ళు తడిసిపోయాయి. సెట్టు విప్పితే వీపంతా ఎర్రగా చెమటకాయలు, నడుము దగ్గర ఒకదాని మీద ఒకటి.

మామ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అప్పటికి ఆ ఇంట్లో నేను అంత ధైర్యం చేయడం అదే మొదలు.

"మామా, ఎండలు తగ్గేదాకా బిడ్డకి పల్చని గుడ్డ ఏస్తాను. ఒళ్ళంతా వేర్కురు లేసిండాది."

"ఎండకే గదమ్మా ఫ్లానెల్ మంచిది. బయట వేడి లోపలికి రానియ్యదు" అన్నారు ఆయన, ఎంతో నమ్మకంగా.

అదే గుడ్డ మార్గళిలో బయటి చలిని లోపలికి రానివ్వదని అట్ట మీద రాయించారు. వేడినీ చలినీ గుమ్మంలోనే నిలబెట్టి, పేరు అడిగి, తిప్పి పంపేంత తెలివి ఆ నీలం బాతులకు ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. మా ఆయన్ను అడిగాను. ఆయన అప్పుడు గజం కర్రతో గుడ్డ కొలుస్తున్నారు.

"నాయన చెప్పినాడంటే ఏదో కారణం ఉంటాది" అన్నారు.

కారణం పై అరలో ఉంది. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఎదురు చెప్పి గెలిచే ఇల్లు కాదని అర్థమయ్యాక, నేను ఆ ఇంటి విద్యనే నేర్చుకున్నాను. కొట్టులో చొక్కాలను అద్దాల బీరువాలో పెట్టేటప్పుడు, మిగులు గుడ్డంతా వెనక్కి లాగి గుండుసూదులు గుచ్చేవారు. ముందు వైపు ముడత లేకుండా కనబడితే చాలు, వెనక ఏముందో కొనేవాళ్ళు చూడరు. ఒక మధ్యాహ్నం అందరూ భోంచేసి నడుం వాల్చిన వేళ, దర్జీ కత్తెర తెచ్చి, నా కొడుకు సెట్టు వెనక భాగం మెడ నుంచి మడమల దాకా మొత్తం కోసి తీసేశాను. చంకల కింద కోశాను. పాదాల అడుగున కోశాను. రెండు పక్కలా పీలికలు కుట్టాను. తొట్టెలలో నాన్న పాత పంచె పరిచి, బిడ్డను దాని మీద పడుకోబెట్టి, ఆ ముందు భాగాన్ని వాడి మీద పరిచి పీలికలు ముడి వేశాను. టోపీ తలకు తొడగలేదు, తల మీద ఆనించి పెట్టాను. కొట్టులోంచి చూస్తే చెవులతో సహా ఫారిన్ నైట్ సెట్టు. కింద నా బిడ్డ వీపు పంచె మీద, హాయిగా.

వాడు ఆ రోజు మూడు గంటలు కదలకుండా నిద్రపోయాడు. నిద్రపోయే బిడ్డను తల్లి తప్ప ఎవరూ ఎత్తకూడదని మా అమ్మ చెప్పిందని అత్తతో అన్నాను. అమ్మ అలాంటిదేమీ చెప్పలేదు. అత్త మాత్రం దాన్ని ఊరంతా చెప్పింది. రాత్రి కొట్టు మూయగానే అదీ తీసేసి ఉత్త మల్లు గుడ్డలో పడుకోబెట్టేదాన్ని, పొద్దున తలుపులు తీసేలోపు మళ్ళీ బాతుల కింద పెట్టేదాన్ని. ఎంత తెలివైనదాన్నని నా మీద నాకే ముచ్చట వేసేది. అమ్మకు ఉత్తరం కూడా రాశాను, అందులో మా మామను ఎంత వెక్కిరించానో ఇప్పుడు చెప్పను.

అమ్మకం అప్పుడే మొదలైంది. అంతకుముందు ఏడ్చే బిడ్డను చూసి ఎవరూ ఆ సెట్టు జోలికి పోలేదు. ఇప్పుడు కత్తిరి ఎండలో, ఊరి కుక్కలు కూడా మోరీలో పడుకున్న వేళ, ఫ్లానెల్ లో ముద్దుగా నిద్రపోతున్న బిడ్డ.

"చూడండమ్మా, ఏడుపన్నది లేదు. గుడ్డ మహిమ" అనేవారు మామ ద్వారం వైపు చెయ్యి చూపిస్తూ.

వాళ్ళు చూసేవాళ్ళు. కొనేవాళ్ళు. వారం తిరిగేసరికి పై అర సగం ఖాళీ అయింది. సాయంత్రం బజారు వీధిలో చూస్తే ఏ చంకన చూసినా గులాబీ రంగు, ఆ గులాబీ రంగులోంచి గుక్కపట్టిన ఏడుపు. నేను కిటికీ దగ్గర నిలబడి నవ్వుకున్నాను కూడా. అవును, నవ్వుకున్నాను.

రోజూ సాయంత్రం కొట్టులో దేవుడి పటానికి పూలు తెచ్చేది ఒకామె. బస్టాండు వెనక గుడిసెలో ఉండేది. ఆమె బిడ్డ నా కొడుకు కంటే రెండు వారాలు చిన్న. మూర పూలు నాకిచ్చి, తొట్టెల కమ్మీల మధ్య నుంచి వేలు పెట్టి నా కొడుకు బుగ్గ తాకి వెళ్ళేది. పూలమ్మిన డబ్బులు కూడబెట్టి ఆమె కూడా ఒక సెట్టు కొంది. కొన్న నాలుగో రోజు బిడ్డను ఎత్తుకుని వచ్చింది. టోపీ తీసి చూపించింది. నుదుటి నిండా చెమటకాయలు, తల మీద రెండు సెగ్గడ్డలు.

"మూడు దినాలుగా కన్ను మూయలేదమ్మా. మీ బిడ్డ సూడు, సుమ్మా రాజా మాదిరి పండుకోనుండాడు. నా బిడ్డకే ఎందుకిట్ల?" అంది.

"మాంబళం తినుంటావు" అంది మా అత్త, నేరం మామిడిపండు మీద వేసి. "ఒళ్ళు వేడి పాలల్లోకి దిగుతాది."

"ఒగ తుండు తిన్నానమ్మా" అని ఒప్పుకుంది ఆమె, తప్పు చేసినదానిలా.

మామ జాలిపడి ఆమెకు పౌడరు డబ్బా ఒకటి ఇచ్చారు, ఊరికే. పొద్దున, రాత్రి చల్లి, పైన సెట్టు బాగా బిగించి తొడగమని చెప్పారు. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వేం పెడతావమ్మా బిడ్డకి?"

నేను తొట్టెలకు అడ్డంగా నిలబడి ఉన్నాను. మామ కొట్టులో ఉన్నారు, అత్త పక్కనే ఉంది. జంపఖానా మీద నలుగురు కూర్చుని ఉన్నారు. "ఏమీ పెట్టనక్కా" అన్నాను. అది అబద్ధం కాదు. వాడి వీపున ఏమీ లేదు. అంత చక్కటి జవాబు దొరికినందుకు ఆ క్షణంలో నాకు ఊపిరి ఆడింది. ఆమె మామిడిపండు మానేస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

తరువాత రెండు రోజులు ఆమె రాలేదు. మూడో రోజు ఆమె చెల్లెలు పూలు తెచ్చింది. బిడ్డకు సెగ్గడ్డలు పండి జ్వరం వచ్చిందనీ, ఆసుపత్రిలో ఉన్నారనీ చెప్పింది. పూలబుట్ట నడుముకు ఆనించుకుని, మామూలు గొంతుతోనే చెప్పింది. వెళ్ళి తొట్టెలలోంచి నా కొడుకును ఎత్తుకున్నాను. కొట్టు నిండా జనం. ద్వారం దాటి వాళ్ళ మధ్యకు వెళ్ళి, వాడిని భుజం మీద వేసుకుని, వాడి వీపు వాళ్ళకు కనబడేలా నిలబడ్డాను. మెడ నుంచి మడమల దాకా ఉత్త ఒళ్ళు. పక్కన వేలాడుతున్న రెండు పీలికలు.

"వెనక నేనే కత్తిరించినాను. ఇది తొడిగి నా బిడ్డను పండుకోబెట్టలేదు. మీరూ తొడగబాకండి" అన్నాను.

మా ఆయన గజం కర్ర కింద పెట్టారు. అత్త చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. మామ ఒకసారి నన్ను చూశారు, ఒకసారి వీపును చూశారు, ఇంకోసారి పై అర చూశారు. ఆ తరువాత లేచి వచ్చి, బిడ్డ పక్కన వేలాడే పీలికను రెండు వేళ్ళతో పట్టుకుని, జనం వైపు తిరిగారు.

"ఇదమ్మా ఎండాకాలం మోడలు. ఎనకంతా గాలి. నిన్నటిదాకా మా ఇంట్లోనే పరీక్ష జేసినాము. కొనుక్కపోయినోళ్ళు తెచ్చినారంటే మా దర్జీ దుడ్డు తీసుకోకుండా సుమ్మానే కత్తిరించి ఇస్తాడు" అన్నారు.

ఇంటి పరువు పోతుందని భయపడిన నేను ఎంత అమాయకురాలినో అప్పుడు తెలిసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రానికి దర్జీ అరుగు ముందు గులాబీ రంగు వరస కట్టింది. కర్ కర్ మని కత్తెర ఆడుతూనే ఉంది. కోసిన వెనక ముక్కలు కూడా వృథా కాలేదు, వాటితో చెవుల టోపీలు కుట్టి మార్గళి కోసం పైకెక్కించారు. ఊరి బిడ్డలు నిద్రపోయారు. మామ ఆ మోడలు తన బుర్రలోనే పుట్టిందని ఆ తరువాత ఇరవై ఏళ్ళు చెప్పుకున్నారు, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే.

పూలామె పది రోజులకు వచ్చింది. బిడ్డ చంకన ఉంది. తల గొరిగి ఉంది, సెగ్గడ్డలు కోసిన చోట రెండు కట్లు. ఒళ్ళు తగ్గిపోయింది కానీ కళ్ళు చురుగ్గానే ఉన్నాయి. నేను లోపలికి పరుగెత్తి, బియ్యం డబ్బా వెనక దాచిన వాటిలోంచి రెండు పంచె చొక్కాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. మెడ వెనక వేళ్ళు పెట్టి చూడమని మా అమ్మ చెప్పిన మాట కూడా చెప్పాను, గబగబా, పాఠం ఒప్పజెప్పినట్టు.

ఆమె ఆ గుడ్డను వేళ్ళతో నలిపి చూసి, మడతపెట్టి నాకే తిరిగిచ్చింది.

"ఇట్లాంటి పాత గుడ్డలు మా ఇంట్లో నిండా ఉండాయమ్మా. మాకు ఉండేదే అది. పుట్టినప్పటి నుంచి నా బిడ్డ వాటిలోనే పండుకోనింది. నీ బిడ్డ నిద్దర జూసే, వాటిని మూట గట్టి పెట్టేసి దీన్ని కొంటిని" అంది. "నువ్వు కత్తిరించినావే, ఆ దినమే నా చెవిలో ఒగ మాట ఏసుంటే, నేనూ కత్తిరించుకోనుందును గదా."

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది, నేను ఏదైనా కారణం చెబుతానేమోనని నా ముఖం చూస్తూ నిలబడింది. మా మామ దగ్గర ఎండకు ఫ్లానెల్ మంచిదనడానికైనా ఒక కారణం ఉండేది. నాకు అదీ లేదు. ఆమె ఎప్పటిలాగే మూర పూలు కొలిచి తెంపి, నా చేతిలో పెట్టి, బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది.